స్కేట్ల పెట్టెలో శుభలేఖ

ఒక శుభలేఖ ఎంత బరువుంటుంది? నాలుగు మూలలా పూసిన పసుపుతో కలిపి తూచినా ఒక అప్పడమంత ఉండదు. దాన్ని నేను ముప్పై ఏళ్ళకు పైగా మోస్తున్నాను. ఇల్లు మారిన ప్రతిసారీ పాత స్కేట్ల అట్టపెట్టె అడుగున దాన్ని పెట్టి, ఆ పెట్టెను మాత్రం సామాన్ల బండి ఎక్కించకుండా ఆటోలో నా ఒళ్ళోనే పెట్టుకుని కూర్చుంటాను. నగల సంచి నాకిచ్చి చెప్పుల పెట్టె నువ్వు మోస్తావేందే అని మా ఆయన నవ్వుతాడు. నేనూ నవ్వుతాను. నవ్వడం నాకు బాగా వచ్చు, అది కూడా స్కేటింగ్‌లోనే నేర్చుకున్నాను.

నేనొక తప్పు చేశాను. తెలియక చేసింది కాదు. పదహారేళ్ళ వయసులో, బాగా తెలిసి, పట్టపగలు, మా అక్క ముఖంలోకి చూస్తూ చేశాను. మీరెవరో నాకు తెలియదు, నేనెవరో మీకు తెలియదు. అందుకే మీకు చెప్పడం కొంచెం సులువు. నా పేరు చెప్పను. ఇంటిపేరు అసలే చెప్పను. గొడవంతా దాని మీదే కాబట్టి.

మాది వాషర్‌మెన్‌పేట్. మద్రాసులో తరతరాలుగా ఉన్న మాలాంటి తెలుగువాళ్ళకు ఇంటిపేరు బడి రికార్డులోనూ ఉండదు, రేషన్ కార్డులోనూ ఉండదు. తండ్రి పేరులో మొదటి అక్షరం ఒక్కటి ముందు పెట్టుకుంటే సరిపోతుంది. ఇంటిపేరు మాకు వెండి కంచం లాంటిది. పెళ్ళి మాటలప్పుడు మాత్రమే బయటికి తీస్తారు. ఒకే ఇంటిపేరైతే అన్నాచెల్లెళ్ళ వరస, పెళ్ళి మాటే ఎత్తకూడదు. వేరైతే మాట్లాడుకోవచ్చు. అంతే దాని పని. ఆ పని తప్ప దాన్ని ఎవరూ ముట్టుకోరు, కాబట్టి ఎవరైనా అబద్ధం చెప్పినా పట్టుకునే కాగితం ఉండదు. ఈ సంగతి నాకు ఆ వయసులోనే తెలుసు. చదువులో వెనకబడ్డాను గానీ ఇలాంటి వాటిలో ముందుండేదాన్ని.

మా వీధి చివర ఒక కల్యాణమండపం ఉండేది. ముహూర్తాలు లేని రోజుల్లో పొద్దున ఆరు నుంచి ఎనిమిది దాకా స్కేటింగ్ మాస్టర్ దాన్ని వాడుకునేవాడు. నున్నటి నేల. కానీ ముందురోజు పెళ్ళి జరిగి ఉంటే, ఎంత ఊడ్చినా అక్షింతలు ఎక్కడో ఒకచోట మిగిలేవి. ఒక్క బియ్యపుగింజ చక్రం కిందికి వచ్చిందంటే మనిషి దబ్బున పడాల్సిందే. అందుకని మా క్లాసులో మొదటి పాఠం స్కేట్లు కట్టుకోవడం కాదు, చీపురు పట్టుకోవడం. ఆడి నెల, అంటే ఆషాఢం వస్తే పెళ్ళిళ్ళు లేవని ఊరంతా ఉసూరుమనేది, మాకు మాత్రం అదే పండగ. నెలంతా నేల మాదే.

మాస్టర్ దగ్గర ఒక వీడియో క్యాసెట్ ఉండేది. మంచు మీద జంటలుగా నాట్యమాడే పోటీ. అందులో హంగరీ దేశం నుంచి వచ్చిన ఒక అమ్మాయి. ఆమె పేరు నాకు ఇప్పటికీ తెలియదు. పేర్లు వచ్చే చోట మాస్టర్ వాళ్ళింట్లో ఎవరో బారసాల వీడియో ఎక్కించేశారు. ఆమె నాట్యం ముగించి వంగి దండం పెట్టగానే ఉయ్యాల్లో పసిబిడ్డ గుక్కపెట్టి ఏడుస్తూ ప్రత్యక్షమయ్యేది. మార్కులు వచ్చాయా, గెలిచిందా, ఏదీ తెలియదు. ఆమె ప్రతి ఏడూ చివరి వరసలోనే వస్తుంది, మరుసటి ఏడు మళ్ళీ నవ్వుతూ వస్తుంది, ఆటంటే అదీ అని మాస్టర్ చెప్పేవాడు. ఆయనకెలా తెలుసో నేనెప్పుడూ అడగలేదు. అడిగితే అది అబద్ధమని తేలుతుందేమోనని భయం.

నాకు ఆ హంగరీ అమ్మాయిలా కావాలనిపించింది. అలా ఇలా కాదు, అన్నం సహించనంతగా. మంచు లేకపోతే మానె, నేల ఉంది, చక్రాలున్నాయి. కావలసింది జంట. హంగరీ అమ్మాయి చెయ్యి పట్టుకుని తిప్పడానికి ఒక అబ్బాయి ఉన్నాడు, నాకు లేడు.

అప్పుడు వచ్చాడు ఢిల్లీ. ఆ పేరు వినగానే ఉత్తరాదివాడనుకునేరు, మా ఉత్తర మద్రాసులో వీధికొక ఢిల్లీబాబు ఉంటాడు. తిరువొత్తియూరులో ఒక లేత్ పట్టరలో, ఇనుప సామాన్లు చెక్కే చిన్న వర్క్‌షాపులో, పనిచేసేవాడు. పందొమ్మిదేళ్ళు. అమ్మా నాన్నా వాడి చిన్నప్పుడే పోయారు. మేనమామ పెంచాడు. ఆ మేనమామా పోయాక, మామ భార్యే, అంటే వాడి అత్తే, వాడికి వండిపెట్టేది. పొద్దున్నే మొదటి రైల్లో, లేసులు ముడివేసిన స్కేట్లు మెడలో దండలా వేసుకుని దిగేవాడు. వాడు నేల మీద జారుతుంటే చక్రాల చప్పుడు కూడా సన్నగా వచ్చేది. మాస్టర్ మమ్మల్నిద్దరినీ పక్కపక్కన నిలబెట్టి ఒకసారి చూసి, సరిపోయింది అన్నాడు.

మాస్టర్‌కు సరిపోతే సరిపోదు కదా. మా ఇంట్లో అవ్వ ఉంది. నాన్నను కన్న అవ్వ. నాన్నకు తల ఊపడం తప్ప ఆమె ఎదుట మరో పని లేదు. మొగపిల్లోడి చెయ్యి పట్టుకుని తిరిగే ఆటేమిటి, వాడు నీకేం వరస అని అడిగింది. అది ఆమె తప్పు కాదు. ఆమె లోకంలో ప్రతి మనిషికీ ఒక వరస ఉండాలి. పాలవాడికి కూడా ఏదో ఒక వరస కట్టి పిలిచేది.

అన్న వరస, వాళ్ళ ఇంటిపేరూ మనదే అన్నాను.

మాట జారింది అని చెప్పుకుంటే బాగుంటుంది. జారలేదు. రెండు రోజులు కూర్చుని తయారుచేసుకున్న మాట అది. అప్పటికి ఢిల్లీ ఇంటిపేరేమిటో నాకు తెలియదు. వాడికే తెలియదు. మీ ఇంటిపేరేంది అని ముందే అడిగితే, తల గోక్కుని, మా నాయన ఉంటే చెప్పుండు అన్నాడు. వాడి అత్తనూ అడిగాను. నేను కాపురానికి వచ్చేలోపే వాళ్ళు పోయిరి, నాకేం తెలుసు తల్లీ అంది. ఎవరికీ తెలియని చోట మన మాటే చెల్లుతుందని నా లెక్క. వాడితో కూడా, మీ అత్త చెప్పింది, మీదీ మా ఇంటిపేరేనంట అని చెప్పేశాను. వాడికి కావలసిన మాటే కాబట్టి, పోయి అత్తను అడగనూ లేదు.

వాడు సంతోషపడిన తీరు చూసి ఉంటే మీరూ నన్ను అప్పుడే క్షమించేసేవాళ్ళు. నాకూ ఒక ఇంటిపేరు ఉండాదన్నమాట అన్నాడు. మర్నాడు మా అక్క గోళ్ళరంగు అడిగి తీసుకుని, తన స్కేట్ల మడమల మీద ఆ ఇంటిపేరు మొదటి అక్షరం ఎర్రగా రాసుకున్నాడు. అవ్వ వాణ్ణి పిలిపించి, పక్కన కూర్చోబెట్టుకుని, ముక్కు చూస్తే మనోళ్ళ ముక్కే అని తేల్చింది. ఆ రోజు నుంచి మా ఇంట్లో వాడికి దోసెలు. ఇంట్లో మొగపిల్లలు లేరు, ఉన్నది అక్కా నేనూ. మనవడు దొరికాడని అవ్వ పొంగిపోయింది. చూశారా, అబద్ధం చెబితే ముగ్గురు సంతోషించారు. దీన్ని పాపమని ఎవరంటారు? నేనైతే అనుకోలేదు.

అన్నే అయినా ఒంటరిగా పంపకూడదని అక్కను తోడు పంపేది అవ్వ. అక్కకు ఇరవై ఒకటి. టైపు పరీక్షలు ప్యాసై, ఉద్యోగం కోసం చూస్తోంది. మండపంలో వేదిక మెట్టు మీద టేప్‌రికార్డర్ ఒళ్ళో పెట్టుకుని కూర్చునేది. మాస్టర్ చెయ్యి ఎత్తితే బటన్ నొక్కేది, దించితే ఆపేది. రోజూ అదే పని. ఆరు నుంచి ఎనిమిది దాకా.

ఢిల్లీకి ఒక లోపం ఉండేది. అడుగులు బాగా పడేవి గానీ ముఖంలో భావం ఉండేది కాదు. హంగరీ జంటను చూడు, ఒకరినొకరు తప్ప లోకంలో ఇంకెవరూ లేనట్టు చూసుకుంటారు అని మాస్టర్ మొత్తుకునేవాడు. రెండు నెలలకు ఆ లోపం పోయింది. ఒక పొద్దున వాడి ముఖం ఎంత వెలిగిందంటే మాస్టర్ చప్పట్లు కొట్టాడు. నేనూ నా వల్లే అనుకుని మురిసిపోయాను. ఇంకొన్నాళ్ళు పోయాక గమనించాను. ఆ వెలుగు మేము వేదిక వైపు తిరిగినప్పుడే వచ్చేది. వాకిలి వైపు తిరగ్గానే ఆరిపోయేది. ఒకరోజు జ్వరమొచ్చి అక్క రాలేదు, ఆ రోజు వాడు నన్ను రెండుసార్లు కింద పడేశాడు.

నాకు కోపం రాలేదు. నవ్వొచ్చింది. నిజంగానే. నాకు వాడి మీద అలాంటి ఆశేమీ లేదు, నాకు కావలసింది వాడి ఎడమచెయ్యి, అదీ పాట నడిచే మూడున్నర నిమిషాలు. కానీ నవ్వు ఆగాక లెక్క వేసుకున్నాను. వీళ్ళిద్దరూ ఒకరినొకరు ఇష్టపడితే ఏమవుతుంది? ఒకే ఇంటిపేరని చెప్పింది నేనే. వాళ్ళకు ఆ మాట ముల్లులా గుచ్చుకుంటూ ఉంటుందని అప్పుడు తోచింది. ఆలోచనను చీపురుతో ఊడ్చినట్టు ఊడ్చేశాను. అక్షింతల్లాగే అది కూడా మూలలో మిగిలింది.

బెంగుళూరులో అఖిల భారత పోటీ అని తెలిసింది. ఇంకా మూడు వారాలుంది. పోటీకి కొత్త దుస్తులు కావాలి. అక్కే కుడతానంది. పాత పట్టుచీర జరీ అంచు దొరికితే నా గౌనుకూ, ఢిల్లీ చొక్కా మెడకూ ఒకే అంచు వేస్తే జంటగా కనిపిస్తారని ఆమె ఆలోచన. మా అమ్మ పెళ్ళిచీర ఉంది నా దగ్గర, నాకెందుకు, తీసుకోండి అన్నాడు ఢిల్లీ. దాన్ని తేవడానికి నేనే తిరువొత్తియూరు వెళ్ళాను. వాడి అత్త ఒక రేకు ట్రంకుపెట్టె చూపించి, వెతుక్కో తల్లీ అని పొయ్యి దగ్గరికి పోయింది.

చీర అడుగున ఉంది. విప్పితే మడతల మధ్య నుంచి ఒక పసుపు కాగితం నేల మీద పడింది. శుభలేఖ. ఢిల్లీ వాళ్ళ అమ్మానాన్నలది. తెలుగులో ఒకవైపు, తమిళంలో ఒకవైపు అచ్చువేశారు. వాడి నాన్న పేరుకు ముందు ఇంటిపేరు ఉంది.

అది మాది కాదు.

మా ఇంటిపేరుకూ దానికీ ఒక్క అక్షరం కూడా కలవదు. నేను దాన్ని మూడుసార్లు చదివాను. నా అబద్ధం అబద్ధమేనని నాకు మొదటిసారి తెలిసింది. అప్పటిదాకా అది కేవలం ఊహ. ఎవరికి తెలుసు, నిజమూ కావచ్చు అనుకునేదాన్ని. పత్రికను చీర మడతల్లో పెట్టాలి. లేదా వాడి అత్త చేతికివ్వాలి. నేను దాన్ని జాకెట్టులో దోపుకున్నాను. చెయ్యి దానంతటదే పోయింది అని రాయబోయాను, కొట్టేశాను. నా చెయ్యి నేను చెప్పిన చోటికే పోతుంది, మాస్టర్ మాకు నేర్పింది అదే.

ఎందుకు దాచాను? ఇన్నేళ్ళుగా నన్ను నేను అడుగుతూనే ఉన్నాను. జవాబు సిగ్గుపడేంత చిన్నది. ఇంటిపేర్లు వేరని తెలిస్తే ఢిల్లీ అన్న వరస కాకుండా పోతాడు, అన్న కాని వాడితో చేతులు పట్టుకుని బెంగుళూరుకు పంపడం అవ్వ బతికుండగా జరగదు, పైగా అక్కతో వాడి పెళ్ళి మాటంటూ లేస్తే వాడు నాకు బావ అవుతాడు, బావా మరదళ్ళు వందమంది ముందు నడుం పట్టుకుని తిరిగితే వీధంతా ఏమంటుందో నాకూ తెలుసు. మూడు వారాలు. మూడు వారాలు దాస్తే చాలు, పోటీ అవగానే చెప్పేద్దాం అనుకున్నాను. కొంపలేం మునుగుతాయి అనుకున్నాను.

ఆ వారంలోనే, ఒక మధ్యాహ్నం, అక్క మిద్దె మీద నీడలో కూర్చుని నా గౌనుకు హుక్కులు కుడుతోంది. ఢిల్లీ వాళ్ళమ్మ చీర అంచు ఆమె ఒళ్ళో ఉంది. నేను పక్కన కూర్చుని వేరుసెనక్కాయలు ఒలుచుకు తింటున్నాను.

"నిన్నొకటి అడగతా. నవ్వకూడదు," అంది.

"అడుగు."

"ఢిల్లీ ఇంటిపేరు మనదేనంటివే. అవ్వను ఒప్పించేదానికి సుమ్మా చెప్పినావా, నిజంగా తెలిసే చెప్పినావా?"

"ఎందుకక్కా?"

"చెప్పుమే. సుమ్మా చెప్పింటే నేనేం అనుకోను. అవ్వతో చెప్పను, నిన్ను కొట్టను. నాకు తెలియాల, అంతే. వాడూ నిన్నే అడగమన్నాడు."

ఆమె ముఖంలో ఆశ ఉంది. అంత ఆశ నేను మళ్ళీ ఎవరి ముఖంలోనూ చూడలేదు. తన చెల్లెలు అబద్ధాలకోరు కావాలని ఏ అక్కైనా దేవుడికి మొక్కుతుందా? మా అక్క మొక్కుతోంది. నిజంగానే అబద్ధాలకోరునని నేను ఒక్కసారి ఒప్పుకుంటే చాలు, ఆమె బతుకు ఆమె కోరినట్టు సాగుతుంది. పత్రిక కింద గదిలో, నా స్కేట్ల పెట్టెలో ఉంది. పన్నెండు మెట్లు దిగితే చాలు.

"నిజమేక్కా," అన్నాను. "వాళ్ళత్తే చెప్పింది."

"వాళ్ళత్తే చెప్పిందా?"

"ఊఁ."

అక్క చేతిలో ఉన్న హుక్కు కుట్టడం పూర్తిచేసింది. "సరే అయితే. అన్నే మనకి," అంది. దారం పళ్ళతో తెంపి, గౌను నా భుజాలకు ఆనించి కొలత చూసింది. భుజం దగ్గర వదులుగా ఉందని మళ్ళీ విప్పి కుట్టింది. ఆ గౌను నాకు అచ్చంగా సరిపోయింది. అలాంటి గౌను నేను మళ్ళీ వేసుకోలేదు.

బెంగుళూరుకు అక్క రాలేదు. ఒంట్లో బాగాలేదంది. తోడు అవ్వ వచ్చింది. చింతపండు పులిహోర మూట, రెండు చెంబులు, తన తలగడ. హంగరీ అంటే ఆరణి ఊరికి అవతలా ఇవతలా అని రైల్లో మాస్టర్‌ను అడిగింది. చానా అవతల అని ఆయన చెప్పాడు. పోటీలో టేప్‌రికార్డర్ పెట్టిన బల్ల దగ్గర ఎవరో మీసాలాయన కూర్చున్నాడు. మేము ఆ వైపు తిరిగిన ప్రతిసారీ ఢిల్లీ కళ్ళు ఆ బల్ల దగ్గరికి పోయి, మీసాలాయన్ని చూసి, వెనక్కి వచ్చేవి. అడుగు ఒక్కటీ తప్పలేదు. ముఖం మాత్రం గోడలా ఉంది. మాకు మూడో స్థానం వచ్చింది.

మొత్తం జంటలు నాలుగు. నాలుగో జంటలో అబ్బాయి చక్రం మధ్యలో ఊడి గోడ దాకా దొర్లిపోయింది. అంటే చక్రాలు ఉన్నవాళ్ళలో చివరి స్థానం మాదే. అది రాస్తుంటే ఇప్పటికీ నవ్వొస్తుంది. ఏడుపు కూడా వస్తుంది గానీ నవ్వే ముందొస్తుంది. అక్క జీవితాన్ని నేను దేనికి మార్చుకున్నానో ఎవరైనా అడిగితే చూపించడానికి నా దగ్గర ఆ కంచు బిళ్ళ ఉంది. వెనకవైపు పచ్చగా చిలుమెక్కింది.

తిరిగొచ్చేసరికి కాంచీపురం సంబంధంవాళ్ళు వచ్చి అక్కను చూసుకుని పోయారు. అక్క ఒప్పుకుంది. తాంబూలాలు మార్చుకున్నారు. పెళ్ళికి నలభై రోజులు.

ఇక్కడే నేను మిమ్మల్ని కొంచెం మోసం చేయగలను. ఇక ఆలస్యమైపోయింది, ఏం చేయగలను అని రాస్తే మీరు నమ్ముతారు. నలభై రోజులు తక్కువ కాలమా? తాంబూలాలు వెనక్కి ఇచ్చిన ఇళ్ళు మా వీధిలోనే రెండున్నాయి. పోటీ అయిపోయింది, దాచడానికి కారణం కూడా అయిపోయింది. అయినా నేను ఒక్కరోజు కూడా నోరు తెరవలేదు. భయమా? భయం సగమే. మిగతా సగం ఇది: వచ్చే ఏడు రెండో స్థానం వస్తుందని నాకు గట్టి నమ్మకం. ఢిల్లీ నా జంటగా ఉండాలంటే నాకు అన్నగానే ఉండాలి. రాశాను. దీన్ని నేను ఇంతకుముందు నాలో నేను కూడా ఇంత స్పష్టంగా అనుకోలేదు.

పెళ్ళి ఆ మండపంలోనే జరిగింది. మేము రోజూ ఊడ్చే నేల మీద ముగ్గులు వేశారు. పీటల మీద అక్క తల వంచుకుని కూర్చుంది. హోమం దగ్గర పెళ్ళికూతురి దోసిట్లో పేలాలు పోయాలి, అన్నో తమ్ముడో పోయాలి, ఆ అన్న ఎక్కడ అని పంతులుగారు అడిగారు. మాకు అన్నదమ్ములు లేరని చుట్టాలు ఒకరి ముఖం ఒకరు చూసుకుంటుంటే అవ్వ లేచింది. ఎందుకు లేడు, ఉండాడు అని, వంటల దగ్గర బకెట్ పట్టుకుని తిరుగుతున్న ఢిల్లీని చెయ్యి పట్టుకుని లాక్కొచ్చింది.

వాడు చేతులు తుడుచుకుని కూర్చున్నాడు. అక్క దోసిలి పట్టింది. వాడు చేటలోంచి పేలాలు తీసి పోశాడు. ఒకసారి, రెండోసారి, మూడోసారి. ఒక్క గింజ కింద పడలేదు. లేత్ మిషను మీద పనిచేసే చెయ్యి కదా, వణకదు. అక్క తలెత్తలేదు. బావ సరదా మనిషి, బావమరిదికి కొత్త పంచె పెడుతూ ఏదో అన్నాడు, అందరూ నవ్వారు, ఢిల్లీ కూడా నవ్వాడు. నేను స్తంభం పక్కన నిలబడి ఉన్నాను. కాలి కింద అక్షింతలు గుచ్చుకుంటున్నాయి. అప్పుడు అరిచి ఉండాల్సింది. అరవలేదు. అక్షింతలు వేశాను.

వారం తర్వాత ఢిల్లీ తన స్కేట్లు మాస్టర్ చేతిలో పెట్టి, మోకాలు నొప్పిగా ఉంది అన్నాడు. ఇక రాలేదు. రెండో స్థానం కోసం నేను దాచిన నిజం నాకు రెండో ఏడాది కూడా మిగల్చలేదు. మాస్టర్ నాకు ఇంకో జంట కోసం వెతికాడు. వీడు నీకేం వరస అని అవ్వ మళ్ళీ అడిగింది, ఇంకో అన్నను నేను తయారుచేయలేకపోయాను. నా ఆట అక్కడితో సరి. ఆ హంగరీ అమ్మాయి మాత్రం ఎక్కడో మళ్ళీ నవ్వుతూ వచ్చి ఉంటుంది.

అక్క సుఖంగానే ఉంది. బావ ఇప్పటికీ నవ్విస్తాడు. అక్క కూతురికి చెవులు కుట్టించినప్పుడు మేనమామ ఒళ్ళో కూర్చోబెట్టాలని ఢిల్లీని పిలిచారు. పళ్ళేల నిండా సీరు, అంటే మేనమామ సారె, పట్టుకుని వచ్చాడు. పాప ఏడిస్తే వాడూ ఏడ్చాడు. అవ్వ పోతే మనవడిగా పాడె మోశాడు. తర్వాత వాడికీ పెళ్ళైంది, సొంతంగా లేత్ పట్టర పెట్టుకున్నాడు, బోర్డు మీద మా ఇంటిపేరు పెద్దక్షరాలతో రాయించాడు. అందరూ బాగున్నారు కదా, ఇంకేం అని ఎన్నిసార్లు సమాధానం చెప్పుకున్నానో. కానీ పోయిన వస్తువు లేకుండానే వాళ్ళు బాగా బతికారు అని దొంగే చెప్పుకుంటే ఎలా ఉంటుంది?

ఇన్నాళ్ళు ఆగి ఇప్పుడెందుకు రాస్తున్నానంటే, మొన్న ఢిల్లీ ఫోన్ చేశాడు. కూతురి పెళ్ళి. పత్రిక సౌకార్‌పేటలో అచ్చుకిస్తున్నాడు. నమూనా నా ఫోనుకు పంపాడు, మేనత్తవి నువ్వే గదా, నీ పేరూ వేయించినా, తప్పులుంటే చూడు చెల్లె అన్నాడు. చూశాను. పైన బంగారు రంగులో మా ఇంటిపేరు. దాని కింద, కీర్తిశేషులు అని, వాళ్ళ నాన్న పేరు. దాని ముందు కూడా మా ఇంటిపేరే.

ఇన్నేళ్ళూ నేను అక్క గురించే బాధపడ్డాను. ఆ నమూనా చూసినప్పుడు రెండో సంగతి తట్టింది. వాడి అమ్మ పేరూ నాన్న పేరూ పక్కపక్కన ఉన్న కాగితం లోకంలో నా పెట్టెలో ఉన్నదొక్కటే. వాడు దాన్ని ఒక్కసారీ చూడలేదు. అది ఉందని కూడా వాడికి తెలియదు.

రేపు పొద్దున తిరువొత్తియూరులో ఢిల్లీ ఇంట్లో పసుపు దంచుతారు. అక్క కాంచీపురం నుంచి వస్తోంది. ఇద్దరూ ఒకచోటే ఉంటారు. పత్రిక వాళ్ళ ముందు పెట్టి, ఎప్పుడు దొరికిందో, ఎక్కడ దాచానో, ఎందుకు దాచానో చెబుతాను. మూడో స్థానం సంగతి కూడా చెబుతాను, రెండో స్థానం సంగతి కూడా. అక్క ఏమంటుందో తెలియదు. కొట్టనని మిద్దె మీద అన్న మాట ఇప్పుడు చెల్లదు, గడువు దాటింది. వాడు ఏమంటాడో అసలే తెలియదు. చెల్లె అని పిలవడం మానేస్తాడేమో. మానేస్తే అది నేను తీసుకోవలసిందే. క్షమించమని అడగను. అడిగితే వాళ్ళు మంచివాళ్ళు, ఇచ్చేస్తారు, దాన్ని నేను మళ్ళీ ఏ పెట్టెలో దాచుకోను?

ఇది రాయడానికి కూర్చునే ముందు పెట్టె తెరిచి పత్రిక తీసి బల్ల మీద పెట్టాను. మూలల్లో పసుపు ఇంకా పోలేదు. ఇందాక మా ఆయన కాఫీ గ్లాసుతో వచ్చి, దాన్ని చూసి, ఎవరి పెళ్ళి అని అడిగాడు.

ఢిల్లీ వాళ్ళ అమ్మానాన్నలది అన్నాను. ఆ పత్రిక గురించి నేను పైకి చెప్పిన మొదటి నిజం అది.